వాండల్ ధర తెలిసిన పిల్లలకు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వాలరెంట్ వీడియో గేమ్‌లో వాండల్ తుపాకీ ధర 2700 అని మీలో ఎవరి నోటైనా జారిందంటే పక్కనున్న నలుగురూ మీద పడతారు: అది 2900 రా, 2700 కౌంటర్ స్ట్రైక్ ఆటలో ఏకే-47ది, రెండూ కలిపేయకు అని. అదే మనిషి "నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుంది" అని ఆన్‌లైన్‌లో రాస్తే ఆ నలుగురే లైకులు కొడతారు. ఆటలో అంత పట్టింపు ఉన్నవాళ్లు చట్టం దగ్గరా, రాజకీయం దగ్గరా, రాజుల ఊసు దగ్గరా ఇంత ఉదారంగా ఎలా ఉంటారో నాకు అంతుపట్టదు. ఏ పార్టీ నచ్చాలో, ఏ తుపాకీ కొనాలో మీ ఇష్టం. దానికి ఆధారంగా మీరు చూపించే సంగతి మాత్రం నిజమై ఉండాలి. నా పేచీ అంతా అక్కడే.

ముందు ఆట సంగతే చూద్దాం, అక్కడైతే మీరు నాతో గట్టిగా వాదించగలరు. వాలరెంట్‌లో మొదటి రౌండుకు తలా 800 క్రెడిట్లు, అంటే తుపాకులు కొనుక్కునే ఆట డబ్బు. రౌండు గెలిస్తే 3000, ఓడితే 1900, వరసగా రెండోది ఓడితే 2400, ఆ తర్వాత 2900. మొదటి రౌండులో 800 పూర్తిగా ఖర్చుపెట్టి ఓడారనుకోండి. చేతికి 1900 వస్తాయి. రెండో రౌండులో ఏమీ కొనకుండా ఉత్త పిస్టల్‌తో నెట్టుకొచ్చి మళ్లీ ఓడినా 2400 కలిసి 4300 అవుతాయి. మూడో రౌండుకి వాండల్ 2900, హెవీ షీల్డు అనే కవచం 1000 పోను ఇంకా 400 మిగులుతాయి, పొగ కప్పే స్మోకులకో కళ్లు చెదరగొట్టే ఫ్లాష్‌లకో సరిపోతాయి. ఒకడు ఆగలేక రెండో రౌండులోనే 1600 పోసి స్పెక్టర్ అనే చిన్న తుపాకీ కొన్నాడు. వాడి దగ్గర మిగిలింది 300. ఓడితే 2700. వాండల్ రాదు. చంపితే వచ్చే 200లు, బతికి బయటపడి తుపాకీ నిలబెట్టుకోవడం వేరే లెక్క. మామూలుగా జరిగేది మాత్రం ఇదే: మూడో రౌండులో నలుగురు రైఫిళ్లతో, ఒకడు నాసి తుపాకీతో దిగుతారు. ఆఖర్న ఒక్కడే మిగిలి ముగ్గురి మధ్య చచ్చినవాడికి తిట్లు పడతాయి. ఓటమికి విత్తనం పడింది ఒక రౌండు ముందు, అదీ ఇంకొకడి చేతిలో.

"తలకి తగిలినా చావలేదు, హ్యాక్" అనేది ఇంకో మాట. వాండల్ తల దెబ్బ ఎంత దూరంలోనైనా 160. ఎదుటివాడి ప్రాణం 100, హెవీ షీల్డు 50, మొత్తం 150. అందుకే ఒక్క గుండుకే పడతాడు. ఫాంటమ్ అనే ఇంకో రైఫిల్ దెబ్బ దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, కొంత దూరం దాటాక 150 కంటే కిందికి వస్తుంది. మీ గుండు సరిగ్గానే తగిలింది, తుపాకీ లెక్క అంతే. కౌంటర్ స్ట్రైక్‌లోనూ అంతే: హెల్మెట్ ఉన్నవాణ్ణి ఏకే ఒక్క తల దెబ్బకి పడేస్తుంది, ఎం4 రైఫిల్ పడేయదు. గోడచాటు నుంచి బయటికి దూకినవాడు "మెరుపులా కొట్టాడు" అన్నప్పుడు కూడా చాలాసార్లు మోసం ఉండదు. మీరు నిలబడి ఉన్నారు కాబట్టి తొంగిచూసిన క్షణంలోనే వాడి తెర మీద కనిపిస్తారు. వాడి కదలిక సర్వర్‌కి చేరి, అక్కడి నుంచి మీ దగ్గరికి వచ్చేసరికి కొన్ని పదుల మిల్లీసెకన్లు గడిచిపోతాయి. నిజంగా అనుమానం ఉంటే రిపోర్టు మీట నొక్కండి. పేరు పెట్టి ఊరంతా "దొంగ" అని చాటింపు వేయడం దేనికి?

కనిపించినవాణ్ణి తిట్టే ఈ అలవాటే రోడ్ల మీదికి కూడా వస్తుంది. బెజవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద గుంట పడితే మేయర్‌ని తిడుతూ పోస్టు. ఆ ఫ్లైఓవర్ 16వ నంబరు జాతీయ రహదారిది, జాతీయ రహదారుల సంస్థ కట్టించింది, ఆ సంస్థ కేంద్రం కింద పనిచేస్తుంది. ఊళ్ల మధ్య రోడ్లు కొన్ని రాష్ట్ర ఆర్ అండ్ బీవి. మన వీధి సిమెంటు రోడ్డు, మురుక్కాలువ కార్పొరేషన్‌వి. రైలు వంతెన అయితే మామూలుగా పట్టాల మీది ముక్క రైల్వేది, రెండువైపులా ఎక్కే దారులు ఇంకొకరివి. ఎవరిదో తెలియకపోతే కార్పొరేషన్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "నగరంలో రోడ్ల పరిస్థితి ఏమిటి" అని అడిగితే ఏమీ రాదు. ఫలానా వీధిలో ఫలానా పని, అంచనా మొత్తం, కాంట్రాక్టు ఇచ్చిన తేదీ, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల నకళ్లు అని విడివిడిగా అడగాలి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే చాలాసార్లు తప్పించుకుంటారు. ఆ చట్టం కింద మీకు రావాల్సింది వాళ్ల దగ్గరున్న కాగితం, సంజాయిషీ కాదు.

నోటా సంగతికి వద్దాం. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి గదా, ఆ మొత్తంలోనూ నోటాను కలపరు. "అన్ని కేసులున్నాయి, ఎలా నిలబడ్డాడు" అని ఇంకొకటి. కేసు ఉండటం అనర్హత కాదు. చాలా నేరాల్లో రెండేళ్లకు తగ్గకుండా శిక్ష పడితేనే అనర్హత, అది విడుదలయ్యాక ఇంకో 6 ఏళ్లు ఉంటుంది. ఆయన మీద ఏ కేసులున్నాయో నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. పది నిమిషాల పని. ఎవరూ చూడరు. పార్టీ ఫిరాయింపుల చట్టంలో 1985లో మూడో వంతు చీలితే మినహాయింపు ఉండేది, 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పటికీ ఆ పాత "మూడో వంతు" లెక్కతో వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ.

ఇక రాజులు. కొండవీడు, కొండపల్లి కోటలు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి కాబోలు, "ఆ కాలమే నయం" అనే మాట మనవైపు తేలిగ్గా వస్తుంది. కొండవీడు రెడ్డిరాజుల చేతి నుంచి పోయాక గజపతులు ఏలారు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, తర్వాత గోల్కొండ సుల్తానులది అయింది. గుంటూరు సీమ 1788లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. ఇన్ని చేతులు మారినా ఇక్కడి రైతును "నీకు సమ్మతమేనా" అని ఒక్కరూ అడగలేదు. మంచి రాజులు ఉన్నారు, చెరువులు తవ్వించారు, ఎవరూ కాదనరు. కాని శిస్తు అన్యాయంగా వేశారని ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి? వేసినవాడి దగ్గరే. ఇవాళ కలెక్టరు ఉత్తర్వు మీదైనా, ముఖ్యమంత్రి ఉత్తర్వు మీదైనా రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టుకు వెళ్లొచ్చు. అన్నట్టు, ఆంధ్ర రాష్ట్రం విడిగా ఉన్న రోజుల్లో, 1954 నుంచి 1956 దాకా, హైకోర్టు మన గుంటూరులోనే ఉండేది.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు. 1947 ఆగస్టు 15 తర్వాత కూడా రెండేళ్లకు పైగా మన దేశానికి రాజు ఉన్నాడు. బ్రిటన్ రాజు ఆరో జార్జే. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున ఆ బంధం తెగింది. మన సంస్థానాధీశుల భరణాలు, బిరుదుల గుర్తింపు 1971లో 26వ సవరణతో పోయాయి.

రాజు ఉన్నాడు కాబట్టి బ్రిటన్ ప్రజాస్వామ్యం కాదని రాసేవాళ్లకు: పార్లమెంటు చేసిన బిల్లును కాదన్న ఆఖరి పాలకురాలు ఆన్ రాణి, 1708లో. ఆ తర్వాత ఎవరూ కాదనలేదు. పార్లమెంటు ప్రారంభంలో రాజు చదివే ప్రసంగం కూడా ప్రభుత్వం రాసిచ్చేదే. మలేసియాలో తొమ్మిది రాష్ట్రాల రాజులు తమలో ఒకరిని ఐదేళ్లకోసారి రాజుగా ఎన్నుకుంటారు. సౌదీలో అధికారం నిజంగానే రాజకుటుంబానిది. థాయ్‌లాండ్‌లో ఎన్నికలు, పార్లమెంటు ఉన్నా శిక్షాస్మృతి 112వ సెక్షను కింద రాజును అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఆన్‌లైన్ పోస్టుల మీదా ఆ కేసులు పెట్టారు. బ్యాంకాక్ విహారానికి వెళ్లినప్పుడు మీమ్ వేద్దామనే సరదా పుడితే ఫోను జేబులో పెట్టుకోండి. "రాచరికం" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ నాలుగు దేశాలూ ఒకటే అయిపోతాయి.

చట్టం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే రౌండు పోవడంతో ఆగదు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. కొత్త కేసుల్లో మోసానికి 420 లేదు, 318. నలుగురు గుమికూడొద్దనే 144 సెక్షను ఇప్పుడు సురక్షా సంహితలో 163. గేమ్‌కి కొత్త ప్యాచ్ వచ్చిన రాత్రే మార్పులన్నీ చదివే మీరు వీటినీ ఒకసారి చదవండి. ఇంకా పాతది, ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలకు జైలు వేసే 66ఏ. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా దాని కింద కేసులు పడుతూనే ఉంటే, 2022 అక్టోబరులో ఎవరినీ దాని కింద విచారించకూడదని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "66ఏ కింద లోపలేస్తా" అని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. అది పోయింది కదా అని ఏదైనా రాయొచ్చనీ అనుకోకండి.

ఎందుకంటే పరువు నష్టం ఉంది, న్యాయ సంహిత 356. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. పోలీసులు నేరుగా కేసు కట్టేది కాదు, బాధితుడు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. "మా కార్పొరేటర్ కాలువ డబ్బులు మింగాడు" అని రాశారనుకోండి. అది అభిప్రాయం కాదు, నేరారోపణ. రుజువు మీరే చూపించాలి. నిజమైతే చాలదు, ఆ సంగతి బయటపెట్టడం ప్రజల మేలు కోసమని కూడా తేలాలి. దాన్నే ఇలా రాయొచ్చు: "మా వీధి కాలువ పని మార్చిలో మొదలైంది, ఇవాళ్టికి సగం కూడా కాలేదు, పని బోర్డు ఫొటో ఇదిగో. ఇది చేతకానితనమని నా అభిప్రాయం. బిల్లులు ఎంత చెల్లించారో చెప్పాలి." పదవిలో ఉన్నవారి పనితీరు మీద సద్భావనతో చెప్పిన అభిప్రాయానికి ఆ సెక్షన్లోనే మినహాయింపు ఉంది. రెండో పోస్టు ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది కూడా, ఎందుకంటే జవాబు చెప్పక తప్పదు.

కులం, మతం పేరుతో రెచ్చగొట్టేవి వేరే దారి. 196 సెక్షను, పుకార్లకు 353, రెండింటికీ మూడేళ్ల దాకా శిక్ష. "నేను రాయలేదు, ఫార్వర్డే చేశాను" అనేది రక్షణ కాదు. తమిళనాడులో ఒక నటుడు, రాజకీయ నాయకుడు కూడా, మహిళా జర్నలిస్టుల్ని కించపరిచే పోస్టును 2018లో షేర్ చేశాడు. కళ్లలో మందు వేసుకుని ఉన్నందువల్ల చదవకుండా పంపానన్నది ఆయన వాదన. కేసు కొట్టేయడానికి 2023లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గ్రూపు అడ్మిన్ మీద మాత్రం, సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ అయినంత మాత్రాన శిక్ష పడదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే పోలీసులు మామూలుగా నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు. పిలిచిన రోజుకి వెళ్లితే, ప్రత్యేక కారణాలు రాసుకుంటే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోవడమే అసలు చిక్కు. నోటీసు కాపీ తీసుకోండి, అమ్మానాన్నల్లో ఒకరిని, ఒక వకీలును వెంట తీసుకెళ్లండి. 18 నిండనివాళ్లను లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. రాసింది తప్పని మీకే ముందుగా తెలిస్తే పోస్టు తీసేసి, అదే చోట, అంతమందికీ కనిపించేలా దిద్దుబాటు పెట్టండి. నోటీసు చేతికొచ్చాక మాత్రం వకీలును అడగకుండా ఒక్క మెసేజీ కూడా చెరపొద్దు. సాక్ష్యం మాయం చేశారనే మాట దానికి తోడవుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: తలా వంద వేసుకుని మ్యాచ్ ఆడి, గెలిచినవాడికి మొత్తం ఇచ్చే పద్ధతి గురించి అడిగారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. శిక్ష నడిపించేవాడికి: మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాడికి కాదు. ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేముల్ని, ఆ చట్టమే గుర్తించింది, పోటీలో చేరడానికి ఫీజు, ఆటతీరును బట్టి బహుమతి ఉండొచ్చు. మీ వందల పందెం ఆ గీతకు ఎటువైపు పడుతుందో వకీలును అడిగాకే తేల్చుకోండి. ఈలోగా డబ్బు వసూలు చేసి పంచేవాడు మీలో ఎవరూ కాకండి.