ఆర్గానోమెటాలిక్ సదస్సుకు పోస్టర్ పట్టుకెళ్తున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆర్గానోమెటాలిక్ కెమిస్ట్రీ సదస్సు ప్రకటన రాగానే ఎచ్చెర్ల నుంచి విజయనగరం దాకా మన ల్యాబుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘మన దగ్గర గ్లవ్‌బాక్స్ (గాలి, తేమ లేకుండా లోపల పని చేసుకునే మూసిన పెట్టె) లేదుగా’ అన్నది ఒకటి. ‘ఎలాగూ మెటల్ కాంప్లెక్స్ చేశాం, పంపేద్దాం’ అన్నది రెండోది. మొదటిది వినే, వెళ్లాల్సిన వాళ్లు ఆగిపోతున్నారు. రెండోది నమ్మి వెళ్లినవాళ్లు పోస్టర్ పక్కన నిలబడి నీళ్లు నములుతున్నారు.

అపోహ: లోహం ఉంటే చాలు, ఆర్గానోమెటాలిక్కే.

కాదు. లోహానికీ కార్బన్‌కీ మధ్య నేరుగా బంధం ఉండాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో తరచూ చేసే షిఫ్ బేస్ కాంప్లెక్సులు చూడండి. సాలిసిలాల్డిహైడ్‌తో లిగాండ్ (లోహాన్ని పట్టుకునే అణువు) చేసి, కాపర్ ఎసిటేటో నికెల్ ఎసిటేటో కలిపి, చివర్లో బ్యాక్టీరియా మీద పరీక్షిస్తారు. అక్కడ లోహాన్ని పట్టుకున్నవి నైట్రోజన్, ఆక్సిజన్. అది కోఆర్డినేషన్ కెమిస్ట్రీ. పని మంచిదే కావచ్చు, పంపాల్సిన విభాగం వేరు. సరిహద్దులో కొన్ని మినహాయింపులున్నాయి. విల్కిన్‌సన్ ఉత్ప్రేరకం అనే రోడియం కాంప్లెక్స్‌లో లోహం-కార్బన్ బంధం లేదు, అయినా చేసే పనిని బట్టి దాన్ని ఈ కుటుంబంలోనే కలుపుకున్నారు. మిథైల్‌కోబాలమిన్, అంటే బీ12లో ఒక రూపం, నిక్కచ్చిగా ఆర్గానోమెటాలిక్. హిమోగ్లోబిన్ మామూలుగా కాదు. బొగ్గుల కుంపటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఇనుముకు అంటుకుంటే మాత్రం అక్కడ ఇనుము-కార్బన్ బంధం ఏర్పడినట్టే!

అపోహ: గ్లవ్‌బాక్స్ లేకపోతే ఈ రంగంలో అడుగు పెట్టలేం.

ఇనుము-కార్బన్ బంధాలున్న ఫెర్రోసీన్ బయటపడింది 1951లో. నారింజ రంగు స్ఫటికాలు, సుమారు 173 డిగ్రీల దగ్గర కరుగుతాయి, బల్ల మీద సీసాలో ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. దాని ఉత్పన్నాల మీద బోలెడంత పని మామూలు బల్ల మీదే జరుగుతుంది. మిగతా వాటిలో చాలావాటికి ష్లెంక్ లైన్ (వాక్యూమ్, నైట్రోజన్ రెండూ ఇచ్చే గాజు గొట్టాల అమరిక) సరిపోతుంది. ఫ్లాస్కును వాక్యూమ్‌లో పెట్టి, హీట్ గన్‌తో వేడి చేసి, నైట్రోజన్ నింపడం; ఇలా మూడుసార్లు. ఒక్క హెచ్చరిక: ద్రవ నైట్రోజన్ ట్రాప్ (ఆవిర్లను చల్లబరిచి పట్టే పాత్ర) పెట్టి లైన్‌ను గాలికి తెరిచి వదలకండి. ట్రాప్‌లో ఆక్సిజన్ ద్రవమై చేరుతుంది, అందులో ద్రావణి ఆవిర్లు కూడా ఉంటే పేలుతుంది.

అసలు లెక్క వేయాల్సింది నీటికి. 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) నీరున్న టీహెచ్ఎఫ్ అనే ద్రావణి 10 మి.లీ. తీసుకుంటే అందులో ఉన్నది 0.9 మి.గ్రా. నీరు, అంటే 0.05 మిల్లీమోల్. బ్రోమోబెంజీన్ 10 మిల్లీమోల్, అంటే 1.57 గ్రా., మెగ్నీషియం 0.29 గ్రా. పెట్టి గ్రిన్యార్డ్ కారకం (హాలైడ్, మెగ్నీషియం కలిపి చేసేది, నీరు తగిలితే పాడవుతుంది) చేస్తుంటే ఈ నీటి వల్ల పోయేది అర శాతం. అదే ద్రావణిలో 0.01 మిల్లీమోల్ సున్నితమైన ఉత్ప్రేరకం వేస్తే, దానికి అయిదు రెట్ల నీరు ఎదురుగా ఉన్నట్టు. కాబట్టి మీకు ఎంత పొడి వాతావరణం కావాలో చెప్పేది ఫ్లాస్కులో వేసే లోహం పరిమాణం, సామగ్రి జాబితా కాదు.

గ్రిన్యార్డ్ మొదలవకపోతే ముందు చూడాల్సింది తడి గాజుసామానును, ఆక్సైడ్ పొర పట్టిన మెగ్నీషియాన్ని. అయోడిన్ పలుకు ఒకటి వేసి, హాలైడ్‌లో పదో వంతు మాత్రమే పోసి, రంగు విరిగి వేడి పుట్టేదాకా ఆగాలి. కదలట్లేదని మిగతాదంతా ఒక్కసారే పోస్తే, అరగంట తర్వాత మొత్తం ఒక్కసారిగా చర్య మొదలై కండెన్సర్ పైనుంచి పొంగుతుంది.

ద్రావణిలోని నీటిని తీసేవి మాలిక్యులర్ సీవ్‌లు, సన్నని రంధ్రాలున్న గుళికలు. వానాకాలంలో మన తీరం గాలికి అవి తొందరగా తేమ పీలుస్తాయి. 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్‌లను మఫిల్ ఫర్నేస్‌లో 300 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాలి. 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి తీస్తే పైతడి ఆరుతుంది, రంధ్రాల్లోని నీరు అక్కడే ఉంటుంది. 100 మి.లీ. టీహెచ్ఎఫ్‌కు 20 గ్రా. వేసి రెండు మూడు రోజులు వదిలితే నీరు 10 పీపీఎం లోపుకు దిగుతుంది. అయితే సీవ్‌లు ఆక్సిజన్‌ను తీయవు, పెరాక్సైడ్‌లనూ తీయవు. నైట్రోజన్ బుడగలు 20 నిమిషాలు పోనివ్వడం, పెరాక్సైడ్ స్ట్రిప్‌తో పరీక్షించడం వేరే పనులు.

అపోహ: పారాఫిల్మ్ (మూతలకు చుట్టే సాగే మైనపు పొర) చుడితే గాలి చొరబడదు.

చొరబడుతుంది. ఆక్సిజన్ దాని గుండా వెళ్తుంది, రబ్బరు బెలూన్ గుండా ఇంకా హాయిగా వెళ్తుంది. నమూనాను ఎన్ఎంఆర్ (అణు నిర్మాణాన్ని చూపే పరీక్ష) కోసం విశాఖకో హైదరాబాద్‌కో పంపేటప్పుడు కొంప మునిగేది ఇక్కడే. ద్రావణంగా కలిపి పంపకండి, ఘనపదార్థాన్ని నైట్రోజన్ కింద సీలు చేసిన ఆంప్యూల్‌లో పంపండి. ఎన్ఎంఆర్‌కు వాడే ద్రావణి డ్యుటెరేటెడ్ క్లోరోఫామ్ నిలవ ఉంటే ఆమ్లం పుడుతుంది, చాలా లోహ-కార్బన్ బంధాలను అదే తెంపేస్తుంది. బేసిక్ అల్యూమినా మీదుగా వడకట్టి వాడాలి, లేదా డ్యుటెరేటెడ్ బెంజీన్‌కు మారాలి. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ లిగాండ్ అయితే ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్‌లో 29 పీపీఎం (ఇక్కడ పరిమాణం కాదు, స్పెక్ట్రమ్‌లో స్థానం) దగ్గర శిఖరం కనిపిస్తే అది ఫాస్ఫీన్ ఆక్సైడ్; మైనస్ 5 దగ్గరైతే విడివడిన ఫాస్ఫీన్. పోస్టర్ చూడటానికి వచ్చే పెద్దల కళ్లు ముందు ఆ రెండు చోట్లకే వెళ్తాయి.

అపోహ: లోహం వేయలేదు, కాబట్టి ‘లోహరహితం’ అని శీర్షిక పెట్టొచ్చు.

సదస్సుల్లో ఎక్కువ పరువు పోయేది ఈ మాటతోనే. లోహం లేకుండా సుజుకి కప్లింగ్ (మామూలుగా పల్లాడియంతో రెండు కార్బన్ ముక్కలను కలిపే చర్య) జరిగిందని 2003లో ఒక బృందం ప్రకటించింది. 2005లో వాళ్లే కారణం వెతికి పట్టుకున్నారు: చర్యలో బేస్‌గా వేసిన సోడియం కార్బొనేట్‌లో 50 పీపీబీ (వంద కోట్లలో 50 వంతులు) స్థాయి పల్లాడియం ఉంది. ఐరన్ క్లోరైడ్‌తో జరిగాయన్న కొన్ని చర్యల్లో అసలు పని చేసింది పీపీఎం స్థాయి రాగి అని 2009లో తేలింది. అయినా 2021లో, అమీన్ ఉత్ప్రేరకంగా సుజుకి జరిగిందన్న పేపర్ ఒకటి పెద్ద జర్నల్‌లో వచ్చి, అదే ఏడాది వెనక్కి పోయింది. అమీన్ తయారీలో వాడిన పల్లాడియం అందులో మిగిలిపోయింది.

అందుకే బ్లాంక్‌లు (పోల్చి చూసే ప్రయోగాలు) చేయండి. ఉత్ప్రేరకం లేకుండా ఒకటి, బేస్‌ను వేరే కంపెనీది మార్చి ఒకటి, కొత్త ఫ్లాస్కు, కొత్త స్టిర్ బార్‌తో ఒకటి. పాత టెఫ్లాన్ స్టిర్ బార్ గీతల్లో పల్లాడియం ఇరుక్కుని ఉంటుంది, సబ్బుతో పోదు. ఆ తర్వాతే లోహాల జాడ కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరీక్షకు డబ్బు పెట్టండి. పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో క్యూసీ (నాణ్యత పరీక్ష) చేసేవాళ్లకు ఇది కొత్త కాదు: నోటి ద్వారా వేసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని మందుల్లో లోహ మలినాలపై అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ చెబుతుంది. అక్కడ పనిచేసే మీ సీనియర్లెవరైనా ఉంటే మాట్లాడండి, పోస్టర్‌కు బలం వస్తుంది.

అపోహ: లోహం చుట్టూ 18 వేలెన్సీ ఎలక్ట్రాన్లు లేకపోతే కాంప్లెక్స్ నిలవదు.

కోబాల్టోసీన్‌కు 19, వనేడియం హెక్సాకార్బొనిల్‌కు 17. చతురస్ర సమతల పల్లాడియం, రోడియం కాంప్లెక్సులకు 16. మీ కాంప్లెక్స్‌కు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలిగితే చాలు.

అపోహ: పోస్టర్ అంటే ఉపన్యాసం దక్కనివాళ్లకు.

ఉపన్యాసం తర్వాత దొరికే ప్రశ్నలు రెండో మూడో. పోస్టర్ దగ్గర గంటసేపు మీ డేటా మీదే మాట్లాడతారు. మా దృష్టిలో విద్యార్థికి అదే మేలు. సైజు సాధారణంగా ఏ0, అంటే 841 × 1189 మి.మీ. నిలువో అడ్డమో నిర్వాహకుల సూచన చూసి మొదలుపెట్టండి. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ ఫ్లెక్స్ షాపుకు పవర్‌పాయింట్ ఫైలు ఇవ్వకండి, ఫాంట్లు మారి బాణాలు చెదిరిపోతాయి. పీడీఎఫ్ ఇచ్చి, ముందు ఏ4లో ఒక ప్రింట్ చూసుకోండి. ముతక ఫ్లెక్స్ మీద వెడ్జ్ బంధాలు (ముందుకు వచ్చే బంధాన్ని చూపే త్రికోణాలు) అలికేసినట్టు వస్తాయి. మందపాటి కాగితమో గుడ్డో నయం, గుడ్డయితే మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. నిర్మాణాలన్నీ ఒకే సెట్టింగ్‌లో గీసి ఒకే నిష్పత్తిలో పెంచండి. ఎక్స్-రే బొమ్మలో పరమాణువులను చూపే ఎలిప్సాయిడ్లు ఎంత శాతం సంభావ్యతకో రాయండి, మామూలుగా 50. హైడ్రోజన్లు తీసేసినా పర్వాలేదు, లోహానికి నేరుగా అంటుకున్న హైడ్రోజన్‌ను (హైడ్రైడ్‌ను) మాత్రం తీయకండి. సీహెచ్ఎన్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాలు) విలువలు లెక్కకు 0.4 శాతం లోపు తేడాలో ఉన్నాయో లేదో చూసుకెళ్లండి. హెచ్ఆర్ఎంఎస్ (మాస్ స్పెక్ట్రమ్) అణుభారం చెబుతుంది, శుద్ధత చెప్పదు.

అన్నట్టు, చూపించడానికి శాంపిల్ పట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కకండి. ఫొటో చాలు.

అపోహ: ‘గౌరవ వక్త’గా ఈమెయిల్ ఆహ్వానం వచ్చిందంటే పేరొచ్చినట్టే.

మీరు చేసేది ఫెర్రోసీన్ అయితే పిలిచింది నర్సింగ్, నానోటెక్నాలజీ కలిసిన ‘ప్రపంచ మహాసభ’కు అయి ఉంటుంది. ఇలాంటి సదస్సులు, జర్నళ్ల విషయంలో మోసం చేసినందుకు హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక సంస్థకు 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు ఇచ్చింది. అసలైన వాటికి వంశవృక్షం ఉంటుంది. అంతర్జాతీయ ఆర్గానోమెటాలిక్ సదస్సుల వరస 1963లో సిన్సినాటీలో మొదలైంది. మన దేశంలో అకర్బన రసాయన శాస్త్ర సదస్సుల వరస ఎంటీఐసీ ఉంది. డబ్బు కట్టేముందు మూడు చూడండి: కిందటిసారి ఎక్కడ జరిగింది, కమిటీలో ఉన్నవాళ్లు తమ యూనివర్సిటీ పేజీలో దాని గురించి రాసుకున్నారా, అబ్‌స్ట్రాక్ట్‌ను ఎవరైనా చదివి తిరస్కరించే వీలుందా. పంపిన రెండు గంటల్లో ‘ఆమోదించాం, ఫీజు కట్టండి’ అని జవాబొస్తే ఆ మెయిల్‌ను అక్కడే వదిలేయండి.