పాత నాటకం, కొత్త మ్యూజికల్: అపోహలు - వాస్తవాలు

పాత నాటకాన్ని మ్యూజికల్‌గా, అంటే పాటలే కథను నడిపే నాటకంగా, తిరగరాస్తున్నామని తెలిస్తే చాలు, రిహార్సల్‌కి వచ్చినవాళ్లంతా తలో సలహా పడేసి పోతారు. తరచూ వినబడే నాలుగింటికి నా జవాబులివి.

అపోహ: నాటకంలో పేరుపడ్డ డైలాగులకు బాణీ కడితే పాటలు సిద్ధం.

వాస్తవం: సరిగ్గా వాటి జోలికే పోకూడదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం మాట నడకే వేరు. "మనవాళ్లుత్త వెధవాయిలోయ్" అన్నదాన్ని తాళంలో బిగిస్తే అందులోని వెటకారం కాస్తా ఆవిరైపోతుంది. పాట దొరికేది నాటకం నోరు విప్పని చోట. బుచ్చమ్మనే తీసుకోండి. గిరీశం వెంట వెళ్లడానికి ఒప్పుకుంటుంది గానీ, ఆ ఒప్పుకోలు వెనక ఎంత భయముందో, ఎంత ఆశ ఉందో గురజాడ ఆమె చేత పెద్దగా చెప్పించలేదు. నన్నడిగితే మొదట రాయాల్సిన పాట అదే. మధురవాణి చేత పాడించడం సులువు, కాదనను. కానీ కచేరీ పాటతో కథ అంగుళం కదలదు.

న్యూయార్క్‌లో ‘ఓక్లహోమా!’ (1943) ఇలాగే తయారైంది. దాని మూలం లిన్ రిగ్స్ 1931 నాటి నాటకం ‘గ్రీన్ గ్రో ద లైలాక్స్’. అందులో జానపద గీతాలు ముందే ఉన్నాయి. మ్యూజికల్‌కు మాటలూ పాటలూ రాసిన హామర్‌స్టెయిన్ వాటిని పక్కన పెట్టేశాడు. నాటకం మొదట్లో రిగ్స్ రాసిన రంగసూచనలో ఓ వేసవి ఉదయం ఉంది: పచ్చికలో పశువులు, లేత మొక్కజొన్న, వాగులు. హాల్లో కూర్చున్నవాళ్లకు వినబడే అవకాశమే లేని ఆ మాటల్లోంచి మొదటి పాట తీశాడు. ‘మై ఫెయిర్ లేడీ’ (1956) సంగతీ అంతే. దాని మూలం బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మాలియన్’. అందులో పూలమ్ముకునే ఎలైజా చదువు చాలామటుకు, ఆమె నెగ్గుకొచ్చిన విందు పూర్తిగా తెర వెనకే జరిగిపోతాయి. ఆ నాటకం మీద వచ్చిన 1938 సినిమా కొంత దారి చూపింది, పాటలు రాసిన లెర్నర్, బాణీలు కట్టిన లోవ్ ఆ ఖాళీలను పాటలతో నింపారు.

అపోహ: మన పద్యనాటకం మ్యూజికలే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది?

వాస్తవం: గొంతు, హార్మోనియం, పాడుతూ నటించే అలవాటు అక్కడి నుంచే రావాలి. అయితే పద్యం ఎత్తుకోగానే కథ ఆగి నిలబడుతుంది. రాగం సాగుతుంది, వన్స్‌మోర్ పడుతుంది, హరిశ్చంద్రుడు మళ్లీ మొదటికొస్తాడు. బలిజేపల్లి వారి నాటకంలో కాటిసీనుకు జాషువా శ్మశానవాటి పద్యాలు అంత హాయిగా అతికాయంటే, అక్కడ కాలం ఆగి ఉండటం వల్లనే. మ్యూజికల్‌లో అంత తీరిక ఉండదు. పల్లవి అందుకున్నప్పుడు ఎటూ తేల్చుకోలేని మనిషి ఆఖరి చరణానికి ఏదో ఒకటి తేల్చుకోవాలి. లేదంటే పాట ఎంత బాగున్నా కోతే. ‘మై ఫెయిర్ లేడీ’ అమెరికాలోని న్యూహేవెన్‌లో తొలిగా ఆడాక ఓ పెద్ద నృత్యాన్నీ రెండు పాటల్నీ ఎత్తేశారు. అందులో ఒక పాట తర్వాత ‘జీజీ’ సినిమాలో తేలింది!

అపోహ: ప్రధాన పాత్రకు గాయకుడే కావాలి.

వాస్తవం: ‘మై ఫెయిర్ లేడీ’లో ఎలైజాకు చదువు చెప్పే ప్రొఫెసర్ వేషం కట్టిన రెక్స్ హారిసన్ గాయకుడు కాదు. మాటకీ పాటకీ మధ్యలో నడిచేలా ఆయన గొంతును బట్టే పాటలు కట్టారు.

అపోహ: రచయిత ఎప్పుడో పోయాడు, ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: లెక్క చూసుకోండి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, చిక్కు లేదు. తన నాటకం నుంచి అల్లిన సంగీత నాటకం ‘చాక్లెట్ సోల్జర్’తో ఒళ్లుమండి, తన నాటకాలను ఇక పాటల పాలు చేయనన్న షా 1950లో పోయాడు. కాబట్టి ‘పిగ్మాలియన్’ ఇక్కడ 2010తోనే హక్కుల నుంచి బయటపడింది, 70 ఏళ్ల లెక్క నడిచే బ్రిటన్‌లో 2020తో. కానీ మీ చేతిలో ఉన్న తెలుగు అనువాదానికి హక్కు అనువాదకుడిది, వేరు. లెర్నర్, లోవ్ చేర్చిన పాటల హక్కులూ వేరే, ఇద్దరూ పోయింది 1980ల్లో కాబట్టి అవింకా అమల్లోనే ఉన్నాయి. మీ సంగీత దర్శకుడితోనూ మొదటి బాణీ వినకముందే కాగితం రాసుకోండి.