మూడు దిండ్లు వేసుకున్నా మంటేనా? అసిడిటీపై అపోహలు - వాస్తవాలు

"మేడం, గ్యాస్ టాబ్లెట్ రోజూ వేసుకుంటున్నా. అయినా పడుకోగానే గొంతులోకి పుల్లగా వస్తోంది. ఇంకాస్త పవరున్నది రాయండి." ఓపీలో ఈ మాట వినని రోజు లేదు. రాత్రి భోజనం ఎన్నింటికని అడుగుతాను. పదిన్నర. పడుకునేది? పదకొండు. ఇక టాబ్లెట్‌ని తిట్టి ఏం లాభం?

అపోహ: టాబ్లెట్ వేసుకుంటే ఆమ్లం పైకి రాదు.

వాస్తవం: పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి పొట్టలో ఊరే ఆమ్లాన్ని తగ్గిస్తాయి, అంతే. పైకి ఎగదన్నడాన్ని ఆపవు. ఆ పని అన్నవాహిక చివర ఉండే కండరానిది. పొట్ట నిండుగా ఉంటే అది మాటిమాటికీ వదులవుతుంది. కూర్చునో, నిలబడో ఉంటే వచ్చింది వచ్చినట్టే కిందికి జారిపోతుంది. పడుకుంటే ఆ సాయం పోతుంది. పైగా నిద్రలో లాలాజలం ఊరడం, గుటకలు వేయడం బాగా తగ్గుతాయి కాబట్టి ఎగదన్నిన ఆమ్లం అక్కడే చాలాసేపు నిలిచి కాలుస్తుంది. అందుకే భోజనానికీ పడకకీ మధ్య కనీసం 3 గంటలు ఉండాలని పోరుతుంటాను.

దిండ్ల సంగతి వేరే చెప్పాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే లేచేది తల, మెడ మాత్రమే. ఒళ్లు నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, పొద్దున్నే మెడనొప్పి అదనం. ఛాతీతో సహా పైకి లేవాలి. దానికి తలాపు వైపు మంచం కోళ్ల కింద 15-20 సెంటీమీటర్ల ఎత్తున్న, కదలని చెక్క దిమ్మలు పెట్టాలి. లేదా నడుం దగ్గర నుంచి ఏటవాలుగా ఉండే ఫోమ్ దిండు కొనుక్కోవాలి.

ఒక కిరాణా కొట్టాయనతో నేను దిమ్మల మాట ఎత్తగానే, ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారని వాళ్లావిడ ఒప్పుకోలేదు. "మూడు దిండ్లు వేస్తున్నాం కదండీ, నాలుగోది వేయమంటారా?" అని అడిగింది. చివరికి పెట్టారు. మొదట్లో కాళ్ల వైపు జారిపోతున్నామని ఇద్దరూ గొణిగారు (డబుల్ కాట్ కదా, ఆవిడకీ తప్పలేదు). కొట్టు పదింటిదాకా మూయలేనన్నాడు. సరే, ఏడున్నరకి క్యారియర్ కొట్టుకే తెప్పించుకుని గల్లాపెట్టె దగ్గరే తినమన్నాను. కొట్టు కట్టేశాక కాసిని మజ్జిగ, అంతే. తర్వాత ఆయనకి టాబ్లెట్ డోసు తగ్గించగలిగాను. ఇలా అందరికీ కుదురుతుందని కాదు. ఎవరూ సొంతంగా మానేయకండి.

ఎడమవైపు తిరిగి పడుకోవడం నిజంగానే మంచిది. అలా పడుకుంటే అన్నవాహిక ద్వారం పొట్టలోని ఆమ్లానికి పైన ఉంటుంది, పైకి వచ్చినా త్వరగా దిగిపోతుంది. కుడివైపు తిరిగితే దీనికి రివర్సు. నిద్రలో దొర్లితే మాత్రం టెన్షన్ పడకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చల్లటి పాలు కాసేపే హాయి, తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. సోడా తాగితే తేన్పు వస్తుంది, దాంతోపాటే ఆమ్లమూ వస్తుంది. కారం అందరికీ పడకపోవడమంటూ లేదు. మీకు ఆవకాయ పడుతుంటే ఎవరో చెప్పారని మానక్కర్లేదు. తిన్నాక వజ్రాసనమైనా, మామూలుగా నిటారుగా కూర్చున్నా సరే, వంగి ఇల్లు తుడవడం మాత్రం వద్దు. లుంగీ, లంగా బొందు వదులుగా కట్టుకోండి. పొట్ట చుట్టూ ఉన్న బరువు తగ్గితే మంటా తగ్గుతుంది. పాంటొప్రజోల్ తిన్నాక కాదు, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి.

మంట ఉందంటే క్యాన్సరేనని వణికిపోతూ వచ్చేవాళ్లుంటారు. చాలామందికి అలాంటిదేమీ ఉండదు. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి.

"ఛాతీనొప్పి గ్యాసే, జీలకర్ర నీళ్లు తాగు" అనే వాట్సాప్ వైద్యులంటే నాకు ఒళ్లు మంట. నొప్పి బిగపట్టినట్టుండి, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, చేతికో దవడకో పాకినా పడుకునే పద్ధతి మార్చి చూడటాలు వద్దు. బండి మీరు నడపకుండా 108కి ఫోన్ చేసి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. చివరికి గ్యాసేనని తేలినా మిమ్మల్ని చూసి ఏ డాక్టరూ నవ్వరు.