వేసవిలో చెరువుకి గాలాలు పట్టుకెళ్తున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పరీక్షలైపోయి బడులకు సెలవులిచ్చారంటే విశాఖలో మా గాలాల దుకాణానికి వచ్చే మనుషులే మారిపోతారు. మిగతా నెలల్లో వచ్చేవాళ్లకి ఏ దారం ఎంత బరువు ఆపుతుందో, ఏ నంబరు గాలం కావాలో మనం చెప్పక్కర్లేదు. సెలవుల్లో వచ్చేది కుటుంబాలు. ముందు నాన్న, ఆయన్ని లాక్కొచ్చిన ఇద్దరు పిల్లలు, వెనకాల "ఇప్పుడివన్నీ అవసరమా" అన్న మొహంతో అమ్మ. రాడ్డు, రీలు, బెండు కొనుక్కుని డబ్బులిచ్చేటప్పుడు నాన్నగారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఎండాకాలం కదండీ, చెరువులో నీళ్లు మోకాలి దాకా కూడా ఉండవు. పిల్లల్ని కాసేపు దించొచ్చు కదా?"

దించకూడదు. ఈ ఒక్క మాట చదివి మిగతాదంతా వదిలేసినా నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: వేసవిలో చెరువు లోతుండదు

చెరువు ఎండేది అంచుల నుంచి. వానాకాలంలో నిండు చెరువు ఒడ్డున నిలబడితే పాదాలు తడుస్తాయంతే. గడ్డి మీద నుంచి నేల మెల్లగా లోపలికి వాలుతుంది. మే నెలకి ఆ వాలంతా బయటపడి బీటలువారుతుంది, నీళ్లు గర్భంలోకి పోతాయి. మనం ఆ బీటల మీద నడుచుకుంటూ వెళ్లి చాప పరుచుకునేది ఎక్కడ? వానాకాలంలో నిలువు లోతు నీళ్లున్న చోట. చెరువు చిన్నదైన మాట నిజమే, కానీ మిగిలింది దాని లోతైన ముక్క. కార్తీకంలో పిల్లాడు జారితే తడిసే అంచు అది కాదు. వేసవిలో రెండడుగుల అవతలే అసలు లోతు మొదలవ్వచ్చు.

దానికి తోడు గోతులు. చెరువుల్లో మట్టి తీసేది నీళ్లు తగ్గాకే కదా. ఉపాధి హామీ పనుల్లో మనుషులు తవ్వినవైతే కాస్త నయం, మెట్లు మెట్లుగా, తక్కువ లోతులో ఉంటాయి. లేఅవుట్లకీ, రోడ్లకీ గ్రావెల్ కోసం పొక్లెయినర్ దించిన చోట అంచు గోడలా నిలువుగా తెగిపోయి ఉంటుంది. మరుసటి ఏడాది వానలకి గొయ్యి నిండుతుంది, చుట్టూ నీళ్లు ఎర్రగా మురికిగా ఉంటాయి, పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. మోకాలి లోతులో నడుస్తున్నవాడికి తరవాతి అడుగు కింద నేల ఉండదు. ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు ఊళ్లు ఎంత వేగంగా పెరిగాయో మనందరం చూశాం. ఆ మట్టంతా ఎక్కణ్ణించో ఒక చోటు నుంచి వచ్చిందే.

సబ్బవరం దాటాక ఒక పల్లె చెరువు దగ్గరికి ఒక కుటుంబంతో కలిసి వెళ్లాను. మత్స్యకార సంఘం తరఫున కాపలా ఉండే పెద్దాయన మమ్మల్ని చూసి, "ఆ ఏపుకి ఎల్లకండి బాబూ, మన్నెత్తేసినారు, గొయ్యుండిపోయింది" అన్నాడు. పిల్లల నాన్న ఇంజినీరు. నవ్వి, "అదిగో, కొంగ నిలబడే ఉంది కదా తాతా, దాని కాళ్లు కూడా మునగలేదు" అన్నాడు. పెద్దాయన మారు మాట్లాడలేదు. తన వెదురు గెడ తెచ్చి, కొంగ ఎగిరిపోయిన చోటికి ఒక్క అడుగు అవతల నీళ్లలోకి నిలువుగా దించాడు. గెడ దిగుతూనే ఉంది. చేతి మణికట్టు నీళ్లని తాకాక ఆపి, మా వంక చూశాడు. ఆ నాన్న ఒక్క మాట లేకుండా చాప చుట్టుకుని గట్టు మీదికి ఎక్కేశాడు.

కొంగ చెప్పేది కొంగ నిలబడ్డ చోటు సంగతే. ఊళ్లో మనిషిని అడగండి, పొడుగాటి కర్రతో పొడిచి చూడండి. ఈ రెండూ చేయడానికి పది నిమిషాలు పట్టదు.

మూడోది ఊబి. పూడిక మీద పైపొర ఎండి పెచ్చు కడుతుంది, కింద మెత్తగానే ఉంటుంది. కాలు తొడ దాకా దిగబడితే కంగారుపడి రెండో కాలితో తన్నకండి, ఇంకా దిగుతారు. వెనక్కి వాలి వీపు మీద పడుకుని, బరువు పరచుకునేలా చేసి, కాలు మెల్లగా లాక్కోవాలి.

అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ, అంటే ఆ మంచినీటి సరస్సు, సంగతి వేరు. అక్కడ గోతుల కన్నా తామర తూళ్లూ, నాచూ కాళ్లకి చుట్టుకోవడం ప్రమాదం. ఈతగాడికి కూడా. తాటి దోనె ఎక్కితే కూర్చునే ఉండండి. ఫొటో కోసం లేచి నిలబడ్డారో, దోనె మిమ్మల్ని దించేస్తుంది.

"మా కళ్ల ముందే ఆడుకుంటున్నారండీ, మునిగితే అరవరా?"

అరవరు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే సినిమాలు మనకి తప్పు నేర్పాయి. నీళ్లలో మునిగేవాడు చేతులూపుతూ "కాపాడండి" అనడు. నోరు నీటి మట్టానికి ఒకసారి పైకొచ్చి ఒకసారి కిందికి పోతుంటుంది. వచ్చిన క్షణంలో గాలి పీల్చుకోవడానికే సరిపోదు, ఇంక అరుపెక్కడ? చేతులు పక్కలకి చాపి నీళ్లని కిందికి నొక్కుతుంటాడు, చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చిన్నపిల్లలైతే నిమిషం లోపే అయిపోతుంది. అమ్మ బిర్యానీ డబ్బా మూత తీసేంత సేపు.

అందుకే నేను చెప్పేది: వెళ్లే పెద్దవాళ్లలో ఒకరి చేతిలో గాలం ఉండకూడదు, ఫోను ఉండకూడదు, మందు అసలే ఉండకూడదు. ఆ మనిషి పని పిల్లల్ని చూడటం ఒక్కటే. గంటకోసారి మనిషిని మార్చుకోండి. రుషికొండలోనో ఆర్కే బీచిలోనో లైఫ్‌గార్డు ఉంటాడు, పల్లె చెరువు దగ్గర ఉండేది మీరే.

ఇంకో మాట. మన దగ్గర చెరువు చావులు చాలాసార్లు ఒకటితో ఆగవు. పిల్లాడు జారతాడు, అన్న దూకుతాడు, వాళ్లిద్దరి కోసం నాన్న. పేపర్లో ఒకే ఇంటిపేరుతో మూడు ఫొటోలు పడతాయి. మునిగేవాడు దొరికిన మనిషిని పట్టుకుని పైకెక్కడానికి చూస్తాడు, ఎంత ఈత వచ్చినవాడైనా కిందికి పోతాడు. నీళ్లలోకి వెళ్లకుండా అందించాలి. కర్ర, రాడ్డు, రెండు చున్నీలు ముడేసింది, చీర. ఇవేవీ అందకపోతే విసరాలి. నేను ప్రతి కుటుంబానికీ చెప్పే చిట్కా: వంటింట్లో ఖాళీ అయిన ఐదు లీటర్ల నూనె క్యాను మూత గట్టిగా బిగించి, పిడికి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి కారు డిక్కీలో పడేయండి. దూరం పోయేలా విసరడానికి అందులో గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు. ఆ క్యాను ఐదు కిలోల దాకా పైకి ఎత్తి పడుతుంది, మనిషి తల నీటిపైన ఉండటానికి చాలావరకు అంతే కావాలి. నా దుకాణంలో అమ్మేది కాదు కాబట్టి నమ్మొచ్చు.

పిల్లలకి వేసే గాలి ట్యూబులు, చేతి బుడగలు ఆటబొమ్మలు. అవి రక్షణ కాదు. కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్టు కొనండి, గట్టు మీద ఉన్నప్పుడు కూడా విప్పకండి.

తీసిన తరవాత చేసే ఘోరాలు

తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం. బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం. ఇంత చదువుకున్న ఊళ్లో ఇవి ఇంకా జరుగుతున్నాయంటే నాకు నిజంగా కోపం వస్తుంది. పొట్టలో నీళ్లు బయటికొస్తే ఊపిరి రాదు. పైగా కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లలో మునిగినవాడికి తక్కువైంది గాలి, కాబట్టి ముందు ఇవ్వాల్సింది గాలే. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదండి. ఛాతీ లేవాలి. అప్పటికీ కదలిక, ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు, మళ్లీ ముప్పై. నిమిషానికి వందకి తగ్గని వేగం. ఒకరు ఇది చేస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్లాడు లేచి కూర్చుని ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లతో కొన్ని గంటల తరవాత ఆయాసం మొదలవ్వచ్చు.

ఇక ఆ ఉప్పు మెసేజ్. మునిగి చనిపోయినవాణ్ణి క్వింటాలు ఉప్పులో కప్పెడితే ఉప్పు నీళ్లని పీల్చేసి మనిషి లేస్తాడట. దాన్ని నమ్మి 2022లో బళ్లారి జిల్లాలో ఒక ఇంటివాళ్లు బిడ్డని గంటల తరబడి ఉప్పులో ఉంచారు. ఆ తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. ఆ స్థితిలో ఎవరు ఏం చెప్పినా చేస్తాం. దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లని మాత్రం క్షమించలేను. ఊపిరి ఊదాల్సిన నిమిషాల్లో కిరాణా కొట్టుకి పరిగెత్తిస్తుంది ఆ మెసేజ్.

ఇంతవరకు చదివి "అయితే ఈ ఏడాది వద్దులెండి" అంటున్న అమ్మలకి: వెళ్లండి. గాలం వేయడానికి నీళ్లలో దిగే పనే లేదు. పదడుగుల రాడ్డుతో గట్టు మీద కూర్చునే వేయొచ్చు. నీటి అంచుకి పది అడుగుల ఇవతల ఒక తాడు పరిచి, "దీన్ని దాటితే గాలం తీసేసుకుంటా" అనండి. పిల్లలు ఆ శిక్షకి భయపడినంతగా తిట్లకి భయపడరు. ఒక్క మదుము దగ్గర మాత్రం కూర్చోకండి. తూము తెరిచి ఉంటే నీటి లాగుడు పైకి కనపడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వేట నిషేధం చెరువుకీ వర్తిస్తుందా అని ఏప్రిల్ వస్తే ఫోన్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం సముద్రంలో మర పడవలకి. మీ గాలం కర్రకి కాదు.

అలాగని చెరువు ఊరందరిదీ అనుకోకండి. చేపల హక్కు మత్స్యకార సంఘానిదో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్లదో అయ్యుంటుంది. చేపపిల్లలు వేసి పెంచేది వాళ్లు. అడిగితే చాలామంది సరే అంటారు, పట్టినదానికి కిలో ఇంత అని తీసుకుంటారు. అడక్కుండా బొచ్చె చేపని సంచిలో వేసుకుంటే అది దొంగతనమే. మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి మనం తాగే నీళ్లు. అక్కడ కాపలావాళ్లు వద్దంటే వాదించకండి.

తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలి కాదు. రాత్రంతా నాచు కూడా ఊపిరి తీసుకునేసరికి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. వేడి నీళ్లలో అది ఎటూ తక్కువే. అప్పుడు ఏ ఎర వేసినా ముట్టవు. ఎండ కాస్త పొడిచాక, మళ్లీ సాయంత్రం చూడండి. మిట్టమధ్యాహ్నం గాలం పట్టుక్కూర్చుంటే వడదెబ్బ పడుతుంది, చేప పడదు.

ఖరీదైన ఎర కావాలా? అక్కర్లేదు. జిలేబి, శీలావతి చేపలకి గోధుమపిండిలో తెలకపిండి కలిపిన ముద్ద, జెల్లలకి వానపాము. అంతే.

కార్బన్ రాడ్డు కరెంటుని తీసుకెళ్తుంది. గట్టు పైన తీగలుంటే అక్కడ విప్పకండి. మే మధ్యాహ్నాల్లో ఉరుము వినపడిందా, రాడ్డు కింద పెట్టి కారులోకి వెళ్లిపోండి. చివరి ఉరుము తరవాత అరగంట ఆగండి. తాటిచెట్టు కిందికి మాత్రం పోకండి. ఫోన్లో పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకోండి.

ఇంగిలాయి చేప కుడితే పసుపు, సున్నం, కోసి రక్తం పీల్చడం... ఏదీ వద్దు. దాని రొమ్ము పక్క ముళ్లలో ఉండే విషం వేడికి విరుగుతుంది. కుట్టిన వేలిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. వేడి ఎంతుందో ముందు పెద్దవాళ్లు తమ చెయ్యి పెట్టి చూడాలి, పిల్లలు నొప్పిలో చెప్పలేరు. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పాకుతున్నా డాక్టరు దగ్గరికి. కాబట్టి వెళ్లేటప్పుడు ఒక ఫ్లాస్కు నిండా వేడి నీళ్లు పట్టుకెళ్లండి. టీకి వేరే ఫ్లాస్కు పెట్టుకోండి.