‘గ్యారంటీ ఉందిగా సార్!’: చిన్న వ్యాపార రుణాల మీద అపోహలు - వాస్తవాలు

“గవర్నమెంటు గ్యారంటీ ఉన్న లోనే కదా సార్, నేను కట్టకపోతే వాళ్లే కడతారు.” ఈ మాట ఒకప్పుడు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుని విన్నాను. ఇప్పుడు గుంటూరు, తెనాలి వైపు చిన్న వ్యాపారులకు లోన్ కాగితాలు, లెక్కలు సరిచూసిపెట్టే పనిలో ఉండి వింటున్నాను. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఎంత సాయం చేయాలని టీవీలో చర్చ నడిచిన వారమైతే ఫోన్లు ఆగవు. మిగతా అపోహల సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

అపోహ: గ్యారంటీ ఉంది కాబట్టి ముద్ర లోన్ కట్టకపోయినా ఏమీ కాదు

ఆ గ్యారంటీ బ్యాంకుకి. మీకు కాదు.

ముద్ర అంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకుల ద్వారా అప్పిచ్చే కేంద్ర పథకం. ఆ లోన్‌కి ఆస్తి తాకట్టు అడగకూడదు. తాకట్టు లేకుండా బండి మీద ఇడ్లీలు అమ్మేవాడికి అప్పివ్వాలంటే మేనేజర్ జంకుతాడు. ఆ జంకు పోగొట్టడానికి కేంద్రం ఒక గ్యారంటీ నిధి పెట్టింది. లోన్ మొండిబాకీ అయితే బ్యాంకు నష్టంలో కొంత భాగాన్ని ఆ నిధి భర్తీ చేస్తుంది. క్లెయిమ్ డబ్బు వచ్చాక కూడా బ్యాంకు వసూలు ఆపడానికి వీల్లేదు. వసూలైన దాంట్లో నిధి వాటా నిధికి పంపాలి. ఈ వ్యవహారం మొత్తంలో మీ బాకీ ఒక్క రూపాయి కూడా తగ్గదు. సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రాసిపెట్టే రికార్డులో, మీ పేరు మీద పడిన మచ్చా పోదు.

“మరి ఏటా గ్యారంటీ ఫీజు నా ఖాతాలోనే కట్ చేశారు కదా, అది ఇన్సూరెన్సే కదా?” అని అడుగుతారు. కొన్ని బ్యాంకులు ఆ ఫీజు ఖాతాదారు దగ్గరే తీసుకునే మాట నిజమే. తీసుకున్నా అది బ్యాంకుకి ఉన్న రక్షణే.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదని నాకూ తెలుసు. 2008లో కేంద్రం, 2014లో రెండు తెలుగు రాష్ట్రాలు, 2024లో మళ్లీ తెలంగాణ, అందరూ రైతుల అప్పులు మాఫీ చేశారు. ఆంధ్రలో డ్వాక్రా బాకీలను విడతలవారీగా ప్రభుత్వం తిరిగి ఇవ్వడం చూశాం. అవన్నీ పంట రుణాలు, డ్వాక్రా గ్రూపు రుణాలు. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకంలో మాఫీ అనే ఏర్పాటే లేదు. పైగా డ్వాక్రాలో సున్నా వడ్డీ కూడా వాయిదాలు సకాలంలో కట్టిన గ్రూపులకే. ఆ ముక్క మాత్రం వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

తెనాలిలో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ ఉన్నారు. ముద్రలోనే కిశోర్ అనే రకం లోన్ 3 లక్షలు తీసుకుని, ఏడాది పైగా చక్కగా కట్టారు. వ్యాపారం బాగానే ఉంది. ఎవరో బంధువు “ఎలక్షన్లొస్తున్నాయి, మాఫీ అవుతుంది, గ్యారంటీ ఎలాగూ ఉంది” అన్నాడు. ఆపేశారు. పక్క షట్టర్ ఖాళీ అయితే అది కూడా అద్దెకి తీసుకుని టిఫిన్లు పెడదామనుకున్నప్పుడు బ్యాంకువాళ్లు లోన్ లేదు పొమ్మన్నారు. అప్పుడొచ్చారు నా దగ్గరికి, కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టుకుని.

స్టేట్‌మెంట్ తీసి చూపించారు. వరసగా వాయిదాలు, ఆ తర్వాత కొంతకాలం వడ్డీ పద్దులు, ఆ కింద ఏమీ లేవు. నెలల తరబడి బాకీ అంకె కదల్లేదు.

“చూడండి సార్, వడ్డీ వెయ్యడం ఆపేశారు. అంటే మాఫీ అయినట్టే కదా?”

“కాదమ్మా. అది ఎన్‌పీఏ అయింది, అంటే బ్యాంకు లెక్కలో మొండిబాకీ. ఎన్‌పీఏ అయ్యాక వడ్డీని మామూలుగా ఖాతాలో ఎక్కించరు, విడిగా లెక్క రాస్తారు. కట్టడానికి వెళ్తే ఆ లెక్క బయటికి తీస్తారు.”

ఆవిడ మొహం చూసి ఇంకేం చెప్పాలో తోచలేదు. ఇలా బాకీ అంకె ఆగిపోవడం చూసి మాఫీ అయిందనుకున్నవాళ్లు ఆవిడ ఒక్కరే కాదు.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. 3 లక్షలకి ఐదేళ్లు, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకి దాదాపు 6,500 వాయిదా. రోజుకి 220 పక్కన పెడితే సరిపోతుంది. మన లెక్కలో చెప్పాలంటే రూపాయి లోపు వడ్డీ. బ్యాంకు తలుపు మూసుకున్నాక ఆవిడ డైలీ ఫైనాన్స్‌కి వెళ్లారు. పదివేలని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతాడు, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటాడు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుందని లెక్కేస్తే ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది, అంటే నూటికి నెలకి ఆరు రూపాయల పైన. రూపాయి లోపు వడ్డీ వదులుకుని ఆరు రూపాయల వడ్డీకి వెళ్లడమే ఈ గ్యారంటీ పుకారు చేసిన మేలు.

ఒక వాయిదా కడితే ఎన్‌పీఏ పోతుందనుకోవద్దు. బకాయిపడ్డ అసలు, వడ్డీ మొత్తం తీరితేనే ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. ఆవిడ చిట్టీ పాడుకుని కొంత, తమ్ముడి దగ్గర కొంత తెచ్చి తీర్చారు. కొత్త లోన్ ఇంకా రాలేదు. కొన్నాళ్లు సక్రమంగా కట్టి చూపించమన్నారు.

ఇక టీవీ చర్చల సంగతి. ఒకాయన “కింది వాళ్లకిస్తే తినేస్తారు, పెద్ద ఫ్యాక్టరీలకి రాయితీలిస్తే ఉద్యోగాలొస్తాయి” అంటాడు. ఇంకొకాయన “కింద చేతుల్లో డబ్బు పెట్టండి, అదే పైకి పాకుతుంది” అంటాడు. నా ఓటు రెండో ఆయనకే, కానీ సగమే. కింద పెట్టిన డబ్బు తిరిగొచ్చి ఇంకొకరి చేతికి వెళ్తేనే ఆ మాట నిజమవుతుంది. వీధి వ్యాపారుల స్వనిధి పథకం చూడండి. 2020లో మొదలైనప్పుడు మొదటి లోన్ 10,000. ఇప్పుడు 15,000, అది తీరిస్తే 25,000, అదీ తీరిస్తే 50,000. 7 శాతం వడ్డీ రాయితీ కూడా సకాలంలో కట్టినవాళ్లకే. ముద్రలో 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ అనే పెద్ద రకం లోన్ కూడా, దాని కింది రకమైన తరుణ్ లోన్ తీర్చినవాళ్లకే ఇస్తారు. తినేస్తారని అనేవాళ్లు తోపుడుబండి వాళ్లు కట్టే తీరు ఒక్కసారి బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి చూడాలి. పది రూపాయల నోట్లు, చిల్లర మూటగట్టి తెచ్చి కడతారు.

అపోహ: కట్టలేకపోతే పోలీసులొస్తారు, జైలు

కావాలని ఆపేసినవాళ్లు వేరు, నిజంగా కట్టలేనివాళ్లు వేరు. రెండోవాళ్ల టెన్షన్ చూస్తే బాధేస్తుంది. ఇంట్లో ఆరోగ్యం పాడైతేనో, రోడ్డు వెడల్పులో కొట్టు పోతేనో ఎవరైనా ఏం చేస్తారు? అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. మోసం చేస్తేనో, చెక్కు బౌన్స్ అయితేనో కేసు వేరు. రికవరీ ఏజెంటు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. చేస్తే టైము రాసిపెట్టుకుని బ్యాంకుకి ఫిర్యాదు ఇవ్వండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడి దాక్కుంటారు కొందరు. అది రాజీకి పిలుపు, వెళ్లండి. కాకపోతే తక్కువకి సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది ఏళ్లతరబడి వెంటాడుతుంది.

ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. వాయిదా తప్పిన 90 రోజులకి ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆ 90 రోజుల లోపు మీరే బ్రాంచికి వెళ్లి పరిస్థితి రాతపూర్వకంగా ఇవ్వండి. వాయిదా తగ్గించి గడువు పెంచడం, కొన్నాళ్లు ఊపిరి తీసుకోనివ్వడం, ఇలాంటివి చెయ్యడానికి బ్యాంకుకి దారి ఉంది. ఇబ్బందిలో ఉన్న చిన్న సంస్థల కోసం 2015లో తెచ్చిన ఏర్పాటులో ఖాతాదారే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫోన్ ఎత్తకుండా తిరిగేవాళ్లకి ఈ దారి మూసుకుపోతుంది. కొవిడ్‌లో ఆరు నెలల మారటోరియం, అంటే వాయిదాలకి విరామం, ఇచ్చినప్పుడు కూడా చాలామంది అది మాఫీ అనుకుని, వడ్డీ పెరిగాక లబోదిబోమన్నారు.

అపోహ: పెద్ద కంపెనీ బిల్లు ఎప్పుడిస్తే అప్పుడు తీసుకోవాల్సిందే

చట్టం అలా అనదు. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ లేదా సర్వీసు యూనిట్‌కి, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు రావాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు పంపడానికి ముందే ఉద్యమ్ చేయించుకోండి, తర్వాత గొడవుండదు. కొని అమ్మే ట్రేడర్లకి ఈ రక్షణ వర్తించదు, అది గుర్తుంచుకోండి. “కేసు పెడితే మళ్లీ ఆర్డరివ్వరు సార్” అన్నాడు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ నడిపే కుర్రాడు. అది అపోహ అని నేననలేను. అతని భయంలో నిజముంది. గడువు దాటితే కొన్నవాడికి ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు దొరకదు, డబ్బు చెల్లించిన ఏడాదే దొరుకుతుంది. మర్యాదగా ఈ ముక్క గుర్తుచేస్తే కేసు దాకా పోకుండా కొన్ని బిల్లులు కదులుతాయి.

మిగతావి గబగబా. ముద్ర సంస్థ నేరుగా ఎవరికీ లోన్ ఇవ్వదు, లోన్లిచ్చే బ్యాంకులకి వెనక నుంచి నిధులిస్తుంది (రీఫైనాన్స్). “మీ ముద్ర లోన్ శాంక్షన్ అయింది, ముందు ఫీజు కట్టండి” అని లెటర్ వస్తే చించి పారెయ్యండి. ముద్రలో సబ్సిడీ లేదు. సబ్సిడీ ఉన్నది పీఎంఈజీపీ అనే వేరే కేంద్ర పథకంలో. అది కూడా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో సర్దుబాటు అవుతుంది. ఇక ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఒక్క రూపాయి ఖర్చుండదు, రెన్యువల్ అసలే లేదు. డబ్బులడిగిన సైటు అడ్రసు చివర జీఓవీ డాట్ ఐఎన్ ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఆధార్ నంబరు కొట్టకముందే మూసెయ్యండి.