ఇరవై నిమిషాలు గాజు గొట్టంలో

మొన్నటి వరి ఊడ్పుల్లో టెక్కలి వైపు నుంచి ఒకామెను మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. గట్టు మీద రక్తపింజరి కరిచిందట. కరిచి ముప్పావుగంట కూడా కాలేదు. విషం ఎక్కి రక్తం గడ్డకట్టడం మానేసిందేమో చూడటానికి మేం సిర (రక్తనాళం) నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి నిలబెట్టాం. 20 నిమిషాలు దాన్ని తాకకూడదు. ఆమె అన్న ఆగలేక "ఒకపాలి ఊపి సూడు బాబూ" అన్నాడు. ఊపితే అప్పుడే కడుతున్న గడ్డ చెదిరి ఫలితం తప్పుతుందని చెప్పి ఆపాను.

టైమయ్యాక గొట్టం ఒక్కసారి వంచాం. గడ్డకట్టింది. "అయితే ఇంటికెళ్లిపోదుమా?" అన్నాడు. డాక్టరు గారు వద్దన్నారు. గంట తర్వాత తీసిన రెండో గొట్టంలో రక్తం నీళ్లలా జారింది.

ఆ గంటలో లోపల ఏం జరిగింది? విషం రక్తాన్ని పలుచన చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టమని తరుముతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను కారకాలంటారు, వాటిని అంకెలతో పిలుస్తారు; వాటిలో అయిదోదాన్నీ పదోదాన్నీ ఈ విషం నేరుగా రెచ్చగొడుతుంది. గడ్డకు పీచు లాంటిది ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్. ఉద్దానంలో కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: పీచంతా అక్కరలేని చోట ముక్కలు ముక్కలుగా ఖర్చయిపోతే, తాడు కావలసిన వేళకు చేతిలో ఏమీ మిగలదు. పీచు అయిపోయేదాకా గొట్టంలో గడ్డ కడుతూనే ఉంటుంది. అందుకే మొదటి ఫలితాన్ని నమ్మి ఇంటికి పంపకూడదు.

గాజే ఎందుకంటే, పన్నెండో కారకం గాజు తగిలితే మేల్కొంటుంది. ప్లాస్టిక్‌లో అలా జరగదు. సబ్బుతో కడిగిన గాజు గొట్టంలోనూ మంచి రక్తం గడ్డకట్టకుండా ఉండిపోవచ్చు. ఈ కారకం కథ నాకెంతో ఇష్టం. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే కార్మికుడి రక్తం గాజు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టలేదు, మనిషికి మాత్రం రక్తస్రావం జబ్బేమీ లేదు. అతనిలో లోపించిన ఆ కారకం గురించి ఆస్కర్ రాట్నాఫ్ అనే వైద్యుడు 1955లో రాశారు. గొట్టంలో గడ్డకట్టే తీరు వేరు, ఒంట్లో తీరు వేరు అని తేలింది అక్కడే.

ఇంకొకటి తప్పక చెప్పాలి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. ఆ కాట్లలో రక్తం చక్కగా గడ్డకడుతుంది, కానీ రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆగిపోవచ్చు. గొట్టంలో గడ్డను చూసి విషం ఎక్కలేదనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇంగ్లిషులో రక్తపింజరిని రసెల్స్ వైపర్ అంటారు; ఆ పేరు ప్యాట్రిక్ రసెల్‌ది. 18వ శతాబ్దం చివర్లో మన పక్కనున్న విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించిన వైద్యుడాయన. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో ఆ విషాన్నే పలుచన చేసి ఒక గడ్డకట్టే పరీక్షకు వాడుతున్నారు.

టెక్కలి ఆమెకు పాము విషానికి విరుగుడైన యాంటీవెనమ్ ఎక్కించారు. అది అయిన వెంటనే ఆమె అన్న మళ్లీ గొట్టం పెట్టమన్నాడు. యాంటీవెనమ్ విషాన్ని ఆపుతుందే గాని ఖర్చయిన పీచును తిరిగి ఇవ్వదు. దాన్ని కాలేయమే తయారుచేయాలి, అందుకు ఆరు గంటలదాకా పడుతుంది. అప్పటివరకు రక్తం జారినా మందు పనిచేయలేదని అర్థం కాదు. ఆ మాటే అతనికి చెప్పి కూర్చోబెట్టాను. తెల్లవారుజామున మూడో గొట్టం అతని ఎదుటే వంచాను. గడ్డ కదల్లేదు.