వరి కోసం తవ్విన డ్రెయిన్లలోకి ఊరి వాన

గోదావరి డెల్టా పట్టణాల్లో వీధులు మునగగానే పాత వాదన మళ్లీ లేచింది. ఊళ్లో కాలువలు పూడిక తీయలేదని డ్రెయినేజీ ఇంజనీర్లు అంటారు. పొలాల, ఊళ్ల నీటిని సముద్రం వైపు తీసుకెళ్లే పెద్ద కాలువ, మెయిన్ డ్రెయినే నిండి ఎదురుతన్నుతుంటే మా నీళ్లు ఎక్కడికి పోతాయని పురపాలక సిబ్బంది అడుగుతారు. రెండో మాటకే బలం ఎక్కువ.

ధవళేశ్వరం ఆనకట్టతో సాగునీరు వచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఇప్పుడు చూడాల్సింది మురుగు లెక్క. 1960ల్లో డెల్టా మురుగు సమస్యపై వేసిన మిత్రా కమిటీ సిఫార్సులైనా, డ్రెయిన్ల పనులకు పన్ను వేసిన 1968 డ్రెయినేజీ సెస్ చట్టమైనా పొలాన్ని చూసి వచ్చినవే. పొలం మురుగుకు మూడు రోజుల వానను లెక్కలోకి తీసుకుంటారు. కూరగాయల చేలో ఒక్క రోజులో నీరు దిగాలి, వరికైతే 7 నుంచి 10 రోజులు గడువు. ఇంట్లో చేరిన నీటికి ఆ గడువు చెల్లదు.

చేలు వెంచర్లు కావడంతోనే కథ మారింది. చుట్టూ అరడుగు గట్టుంటే ఎకరం చేలో దాదాపు 6 లక్షల లీటర్లు నిలుస్తాయి. అదే ఎకరం డాబాలు, సిమెంటు రోడ్లు అయ్యాక గంటలో 50 మి.మీ. వాన పడితే, 2 లక్షల లీటర్లలో 1.6 లక్షలు అప్పటికప్పుడే రోడ్డెక్కుతాయి. మెరక చేయడానికి పోసిన మట్టి కింద పక్క బోదె కూడా పూడుతుంది. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చేందుకు తెచ్చిన 2006 నాలా చట్టం భూమి విలువను బట్టి ఫీజు తీసుకుంది, చేను ఆపిన నీటికి విలువ కట్టలేదు. భీమవరం మధ్య నుంచి పోయే యనమదుర్రు డ్రెయిన్‌కైతే పైనుంచి ఎర్రకాలువ వరద, కింద సముద్రపు పోటు కూడా ఉన్నాయి.

పూడిక మాట అబద్ధం కాదు. కిలోమీటరుకు 20 సెం.మీ. వాలున్న కాలువలో దిగువన 20 సెం.మీ. బురద చేరితే ఒక కిలోమీటరు వాలంతా పోయినట్టే. కల్వర్టు కింద అడ్డంగా వేసిన మంచినీళ్ల పైపును చూడండి: గుర్రపుడెక్క, క్యారీ బ్యాగులు దానికి చుట్టుకుని గోడ కట్టేస్తాయి. పూడిక దిగువ నుంచి తీస్తూ రావాలి. ఎత్తిన మట్టి గట్టు మీదే వదిలితే తర్వాతి వానకు మళ్లీ లోపలికే.

కానీ కాలువ కలిసేచోట మెయిన్ డ్రెయిన్ వరద మట్టం ఎక్కువుంటే ఎంత తవ్వినా నీరు వెనక్కే వస్తుంది. అక్కడ దానంతటదే మూసుకునే ఫ్లాప్ షట్టర్, లోపలి నీటికి సంపు, డీజిల్ పంపు కావాలి. వానలో కరెంటును నమ్ముకోలేం. పదెకరాల కాలనీకి పై లెక్కనే సెకనుకు 440 లీటర్లు తోడాలి. అంత పంపు ఏ కాలనీ పెట్టుకోగలదు? లేఅవుట్‌లో వదిలే 10 శాతం ఖాళీ స్థలం, అంటే ఒక ఎకరం, రోడ్డుకు రెండడుగుల దిగువన ఉంచితే 25 లక్షల లీటర్లు అక్కడే ఆగుతాయి. అలాంటి వాన గంటన్నర కురిసినా ఆ నీళ్లు వీధిలోకి రావు.